సీరుతట్టలో ల్యాప్‌టాప్

ఆ ల్యాప్‌టాప్ పట్టుబడింది మంగళవారం ఉదయం పదకొండుంబావుకు.

అప్పటిదాకా అంతా సవ్యంగానే నడిచింది. కోయంబత్తూరులో ఆ యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్ కిటికీ ముందు ముత్తులక్ష్మి ఇరవై నిమిషాలుగా నిలబడి ఉంది. ముందున్న తొమ్మిదిమందికీ పని రెండేసి నిమిషాల్లో అయిపోయింది. కిటికీ అవతల ఇళంగో అనే టెక్నీషియన్ ఒక్కొక్కరి ల్యాప్‌టాప్ అందుకుంటాడు. వైఫై జాబితాలో క్యాంపస్ పేరు నొక్కుతాడు. రోల్ నంబరు కొడతాడు. పాస్‌వర్డ్ కొట్టుకోమని యంత్రాన్ని అవతలివైపు తిప్పి, తాను తల పక్కకు తిప్పుకుంటాడు. తెర మూలన మూడు వంపులు తెల్లగా వెలుగుతాయి. "అడుత్తదు" అని అరుస్తాడు. తర్వాతివాళ్లు ముందుకు జరుగుతారు.

ఆమె వంతు వచ్చింది. ఇళంగో యంత్రం మూత మీద ఎండిపోయిన కుంకుమబొట్టు చూశాడు.

"ఆయుధపూజకు ఇంకా టైముంది కదండీ, అప్పుడే చేసేశారా?" అన్నాడు తమిళంలో.

ఆమె నవ్వలేదు. నవ్వడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది, ఆ లోపల అతడు పనిలో పడ్డాడు.

రోల్ నంబరు. పాస్‌వర్డ్. చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, ఆగిపోయింది. కనెక్ట్ కాలేదు. మళ్లీ. పాస్‌వర్డ్ ఈసారి ఒక్కో అక్షరమే చూసుకుని కొట్టింది. అదే చక్రం, అదే జవాబు. ఇళంగో కనుబొమలు ముడేశాడు. ఆమె యంత్రంలో ఏదో కిటికీ తెరిచి, పన్నెండు అంకెలూ అక్షరాలూ ఉన్న ఒక నంబరును కాగితం మీద రాసుకున్నాడు.

"ఇది మీ ల్యాప్‌టాప్ వేలిముద్ర లాంటిది. వైఫైకి మీ పేరు కన్నా ముందు ఇదే తెలుస్తుంది" అంటూ తన కంప్యూటర్‌లో ఆ నంబరు కొట్టాడు.

అతడి తెర మీద ఒక వరుస ఎర్రగా మారింది. ఇళంగో కిటికీ పక్క తలుపు తీశాడు.

"మీరు కాస్త లోపలికి రండి."

లోపలి గదిలో సిస్టం మేనేజర్ అశోక్‌కుమార్ ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చొక్కా మడతల మీద వేలు పెడితే తెగుతుందేమో అన్నంత ఇస్త్రీ. ఇళంగో కాగితాన్ని ఆయన ముందు పెట్టాడు. ఆయన దాన్ని చదివి, ల్యాప్‌టాప్‌ను చూసి, ఆఖరున ముత్తులక్ష్మిని చూశాడు.

"ఎక్కడ కొన్నారు?" తమిళంలోనే అడిగాడు.

ల్యాప్‌టాప్ పెట్టిన మేనమామ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే తర్వాతి ప్రశ్న కూడా కనిపించింది: మామ ఎక్కడ కొన్నాడు? బిల్లేది? ముత్తులక్ష్మి నోరు మూసుకుని, మళ్లీ తెరిచింది.

"మదురైలో సార్. టౌన్‌హాల్ రోడ్డులో సెకండ్‌హ్యాండ్ షాపు."

"షాపు పేరు?"

"గుర్తులేదు సార్."

"బిల్లు?"

"పోయింది సార్."

మూడు ప్రశ్నలకు మూడు అబద్ధాలు. ఇంత సులువుగా వస్తాయని ఆమెకు తెలియదు.

"నాలుగేళ్ల కిందట మా దగ్గర పద్నాలుగు ల్యాప్‌టాప్‌లు కనిపించకుండా పోయాయి" అన్నాడు అశోక్‌కుమార్. "వాటి నంబర్లన్నీ ఇక్కడున్నాయి. మీది ఏడోది. విచారణ అయ్యేదాకా ఇది ఇక్కడే ఉంటుంది."

బల్ల సొరుగులోంచి తెల్ల చీటీ తీసి, ఏదో రాసి, మూత మధ్యలో అంటించాడు. చీటీ సరిగ్గా కుంకుమబొట్టు మీద పడింది. బొటనవేలితో నాలుగు మూలలా నొక్కాడు.

"సార్, శుక్రవారం రెండు గంటలకు ఇంటర్నల్ టెస్టు. సొంత ల్యాప్‌టాప్‌లో, క్యాంపస్ వైఫైలోనే రాయాలన్నారు. ల్యాబ్‌లో పాతవన్నీ తీసేశారు, కొత్తవి రాలేదు. రాయకపోతే సెమిస్టర్ పరీక్షకు కూర్చోనివ్వరు."

"తెలుసు. ఆ సర్క్యులర్ పంపింది నేనే."

ఆయన రసీదు రాసిచ్చాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టుకుని బయటికి వచ్చేసరికి కిటికీ ముందు వరుస ఇంకా పొడుగైంది. ఎవరిదో యంత్రం వెలిగింది. "అడుత్తదు!"

*

హాస్టల్లో సాయంత్రం ఆరున్నరకు వరండా పొడుగునా అమ్మాయిలు గోడకు వీపులానించి కూర్చుని ఉంటారు. తలల మీద తెల్లటి వైఫై డబ్బా. ఒడిలో ల్యాప్‌టాప్‌లు. ఒకరి భుజం ఒకరికి తగులుతున్నా ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ముత్తులక్ష్మి వాళ్ల కాళ్లు దాటుకుంటూ గదికి వెళ్లింది. దారి ఇవ్వడానికి కాళ్లు ముడుచుకున్నవాళ్లు తలెత్తి చూడలేదు.

గదిలో జెనిఫర్ మంచం మీద బోర్లా పడుకుని ఉంది. ఒకే క్లాసు, ఒకే గది, రెండు నెలల పరిచయం.

"గ్రూప్‌లో మోడల్ పేపర్ పెట్టారు, చూశావా?"

"చూస్తా."

"నీ ల్యాప్‌టాప్ ఏది?"

"సర్వీసుకిచ్చా."

"అయ్యో. నాది అయ్యాక తీసుకో కావాలంటే" అని జెనిఫర్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు సర్దుకుంది. అది ఎప్పుడు అవుతుందో చెప్పలేదు. ముత్తులక్ష్మి అడగలేదు.

ఫోన్‌లో డేటా మధ్యాహ్నానికే అయిపోయింది. మాటకు సిగ్నల్ దొరికేది మేడ మీద, బట్టలారేసే తీగల మధ్య. తడి దుపట్టాల వెనక నిలబడి తమ ఊరు చిన్నమనూరుకు ఫోన్ చేసింది. అమ్మ ద్రాక్షతోట పని ముగించుకుని ఇంటికి నడుస్తున్నట్టుంది, ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది.

"ఏమే, తిన్నావా?"

"ఇంకా లేదు. అమ్మా, మామ ఆ ల్యాప్‌టాపు యాడ కొన్నాడో నీకు తెలుసునా?"

ట్రాక్టరు దాటిపోయింది. "ఏంటికి అడుగుతుండావు?"

"ఈడ ఆఫీసులో బిల్లు అడుగుతుండారు."

"బిల్లా! సీరు సామానుకు బిల్లు అడుగుతారామే ఎవరన్నా?" అమ్మ నడక ఆగింది. "నువ్వు పెద్దమనిషైనప్పుడు మేనమామగా సీరు పెట్టలేకపోతినే అని తొమ్మిదేండ్లు లోపలే పెట్టుకోని కుములుతుండె వాడు. నీకి సీటు దొరికిందని తెలిసి మేళంతో తట్ట ఎత్తుకోని వచ్చినాడు. పసుపు, అరటిపండ్లు, గాజులు, నడిమిట్ల ఆ డబ్బా. ఊరంతా నిలబడి చూసింది. యాడిది, ఎట్ల వచ్చింది అని ఇప్పుడు అడిగితే మనిషి తల యాడ పెట్టుకుంటాడు?"

"నేను అడగలేదులే."

"అడగొద్దు. వాళ్లకి వేరే ఏమైనా చెప్పు. నా తమ్ముడు లేనివాడే, ఐనా సీరుతట్టలో పాతది పెట్టేవాడు కాదు. పాతది పెట్టేది సీరా? అది పిచ్చం."

సీరు అంటే మేనమామ పెట్టే సారె; పిచ్చం అంటే బిచ్చం. ఆ మాట అన్నాక అమ్మ అరటిపండ్ల ధర గురించి, కోడి గుడ్ల గురించి మాట్లాడింది. ముత్తులక్ష్మి ఊ కొట్టింది.

ఆ యంత్రంలో 'ఎస్' అక్షరం సగం అరిగి ఉండటం ఆమెకు మొదటి రోజే కనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు.

*

బుధవారం పది గంటలకు ఇళంగో ఫోన్ చేసి రమ్మన్నాడు. "తెరిచి చూడాలి. మీ ఎదురుగా తెరిస్తే మంచిది."

యంత్రాన్ని మెత్తటి గుడ్డ మీద బోర్లించాడు. తెల్లకాగితం మీద పదకొండు సున్నాలు గీసి, తీసిన మరనల్లా దాని సున్నాలో పెట్టాడు. ఏ మర ఎక్కడిదో మరిచిపోకుండా. పదకొండూ అయ్యాక పాత సిమ్‌కార్డు ముక్కతో అంచు పొడుగునా నొక్కుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. అడుగు మూత లేచింది.

బ్రష్‌తో దుమ్ము తుడిచి, టార్చి వేసి, చిన్న అక్షరాలు చదివాడు. జాబితా చూశాడు. మళ్లీ చదివాడు.

"బోర్డు మాది కాదు" అన్నాడు. గొంతులో ఉత్సాహం వచ్చింది. "తెర మాది కాదు. మెమరీ మాది కాదు. హార్డ్‌డిస్క్..." వంగి చూశాడు. "అదీ కాదు."

ఆ తర్వాత టార్చి ఒక మూలన ఆగింది. బొటనవేలి గోరంత పచ్చటి కార్డు. దానికి రెండు తీగలు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. అంచున ఆకుపచ్చ రంగు చుక్క.

"ఈ చుక్క మాది. మా సామాన్లన్నిటికీ పెడతాం. వైఫై కార్డు ఇది. నంబరు ఉండేది దీనికే. మిగతా యంత్రమంతా వేరే."

"అయితే ల్యాప్‌టాప్ నాదేగా?"

"నాకైతే అలాగే కనిపిస్తోంది. సార్‌కు చెబుదాం."

అశోక్‌కుమార్ విప్పిన యంత్రాన్ని రెండు చేతులూ వెనక కట్టుకుని చూశాడు.

"గోరంతైనా పోయిన వస్తువు పోయిందే" అన్నాడు. "పైగా షాపులో అమ్మే ల్యాప్‌టాప్‌లో ఇన్ని రకాల ముక్కలుండవు. ఎవరో కూర్చి చేశారు. ఎవరు?"

ముత్తులక్ష్మి కాగితం మీది మరలను చూసింది. పదకొండు సున్నాలు.

"శుక్రవారం పన్నెండు లోపల ఆ మనిషి నా ముందుండాలి. రాసి సంతకం పెట్టాలి. లేకపోతే ఈ ఫైలు రిజిస్ట్రార్ దగ్గరికి వెళుతుంది. అక్కడినుంచి పోలీస్‌స్టేషన్‌కు వెళుతుంది. ఫోన్ చేయండి. ఇక్కడే, నా ఎదురుగా."

ఆమె ఫోన్ తీసింది. ఒక ధైర్యం ఉంది. ఇంటి భాష. ఆస్పత్రిలో డాక్టరు ఎదుట, బడిలో టీచరు ఎదుట అమ్మ ఎప్పుడూ గొంతు తగ్గించకుండా దీంట్లోనే మాట్లాడేది. పక్కవాళ్ల చెవిలో పడినా లోపలికి పోని భాష. ఈ క్యాంపస్‌లో రెండు నెలలుగా అది ఆమె ఫోన్‌లో తప్ప ఎక్కడా వినిపించలేదు.

"మామా, నేను లక్ష్మి."

అవతల ఆవిరి ఇస్త్రీపెట్టెలు బుస కొడుతున్నాయి. తిరుప్పూరు బనియన్ కంపెనీలో కరుప్పయ్య పన్నెండేళ్లుగా ఇస్త్రీ టేబుల్ దగ్గరే.

"చెప్పు కన్ను. పనిలో ఉండా. ఒళ్లు బాగుండాదా?"

"బాగుండా. మామా, నువ్వు ఏమీ అనుకోవద్దు. నువ్వు పెట్టిన ల్యాప్‌టాపు ఈడ పట్టుకోని పెట్టుకున్నారు. దాంట్లో ఒక ముక్క దొంగ సామాను అంటుండారు."

అవతల ఒక ఇస్త్రీపెట్టె బుస ఆగింది.

"మదురైలో షాపులో కొంటిమి, బిల్లు పోయింది అని చెప్పేసినా. నువ్వు శుక్రవారం వచ్చి అదే మాట ఒక్కసారి చెప్పు, చాలు. బయపడొద్దు. ఈ ఆఫీసరు వట్టి కాగితం పురుగు. మూతి చూస్తే ఊరమిరపకాయ కొరికినట్ల ఉంటుంది. రాసిస్తే ఏమైనా నమ్ముతాడు."

అశోక్‌కుమార్ ఫైలులో పేజీ తిప్పి, సంతకం పెట్టి, ఇంకో పేజీ తిప్పాడు.

"కన్ను..." అన్నాడు మామ.

"ఏం మామా?"

"ఏమీ లే. శుక్రవారం పొద్దున వస్తా."

ఏ ముక్క అని అతడు అడగలేదు. ఫోన్ పెట్టేశాకగాని ఆ సంగతి ముత్తులక్ష్మికి తట్టలేదు.

"ఏమన్నారు?" అన్నాడు అశోక్‌కుమార్ తమిళంలో, తల ఎత్తకుండా.

"మా మామ కరుప్పయ్య వస్తారు సార్."

"షాపు యజమాని కాదా?"

"కాదు సార్."

"మంచిది" అని ఆయన కలం మూత పెట్టాడు.

*

గురువారం క్లాసులో మోడల్ టెస్టు పెట్టారు. అరవైమంది ముందు అరవై తెరలు. ముత్తులక్ష్మి ఆఖరి బెంచీలో నోటుపుస్తకం తెరుచుకుని కూర్చుంది. ప్రొఫెసరమ్మ బెంచీల మధ్య నడుస్తూ ఆమె దగ్గర ఆగింది.

"ల్యాప్‌టాప్?"

"సర్వీసులో ఉంది మేడం."

"రేపు ఉండాలి" అని ముందుకు వెళ్లిపోయింది.

పక్క బెంచీ తెర మీద ప్రశ్న సగమే కనిపిస్తోంది. మిగతా సగం ఊహించుకుని జవాబు రాసింది. బెల్లు కొట్టాక అందరూ ఎన్ని మార్కులు వచ్చాయో తెరల్లో చూసుకున్నారు. ఆమె రాసింది దిద్దేవాళ్లు లేరు. పేజీ చింపి, మడిచి, సంచిలో వేసుకుంది.

క్యాంటీన్‌లో నలుగురు కూర్చునే బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఇడ్లీ తింటూ రేపటి మాటలు పెదవులతో అభ్యాసం చేసుకుంది. టౌన్‌హాల్ రోడ్డు. సెకండ్‌హ్యాండ్. బిల్లు పోయింది. ఖాళీ కుర్చీ కావాలని ఎవరో వచ్చి అడిగారు. ఆమె తలూపింది. ఒక్కొక్కటిగా మూడు కుర్చీలూ వేరే బల్లకు వెళ్లిపోయాయి.

*

శుక్రవారం తొమ్మిదింటికే మామ గేటు దగ్గర ఉన్నాడు. పెళ్లికి వచ్చినట్టు తెల్లచొక్కా, అంచు వేష్టి. చేతిలో గుడ్డసంచి. ఇస్త్రీపెట్టె పట్టి పట్టి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ నున్నగా మెరుస్తున్నాయి.

"ఏంటికి ఇంత ముందే వస్తివి మామా? నాకు ఫోన్ చేయలేదే."

"నీకి క్లాసు ఉంటుందేమోనని." అతడు ఆమె ముఖంకేసి చూడలేదు. గేటు పైనున్న యూనివర్సిటీ ముద్ర వైపే చూస్తున్నాడు. "ఈ బొమ్మ అన్నిచోట్లా ఉంటుందా కన్ను?"

"ఏ బొమ్మ? అది వాళ్ల ముద్ర. మామా, చెప్పింది గుర్తుందా? టౌన్‌హాల్ రోడ్డు."

"ఉండాది."

పదకొండున్నరకు గాని అశోక్‌కుమార్ మీటింగులోంచి రాలేదు. గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్ కడుపు తెరుచుకుని ఉంది. ఇళంగో ఒక పక్కన నిలబడ్డాడు. కుర్చీ చూపించినా మామ కూర్చోలేదు.

"చెప్పండి" అన్నాడు అశోక్‌కుమార్ తమిళంలో.

"మదురైలో కొన్నాం సార్. టౌన్‌హాల్ రోడ్డు. బిల్లు పోయింది సార్." బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు మామ. కళ్లు మాత్రం యంత్రం మీదే ఉన్నాయి. తెల్ల తీగ కార్డు మీదినుంచి ఊడి పక్కకు వేలాడుతోంది. మాట మధ్యలోనే అతడి చేయి దానంతట అది కదిలింది. రెండు నున్నటి వేళ్లతో తీగ కొన పట్టుకుని కార్డు మీద పెట్టి నొక్కాడు. టక్.

మామ చేయి వెనక్కి తీసుకున్నాడు.

"కూచో కరుప్పయ్యా" అన్నాడు అశోక్‌కుమార్. "బిల్లు పోలేదు. బిల్లనేది ఎప్పుడూ లేదు. అవునా?"

తెలుగు.

ముత్తులక్ష్మికి ముందు మాట అర్థమైంది. అది ఏ భాషో ఆ తర్వాత అర్థమైంది. చెవుల వెనకనుంచి మెడ మీదికి వేడి పాకింది. బుధవారం. పేజీ తిప్పి సంతకం పెట్టి మళ్లీ పేజీ తిప్పిన మనిషి.

"మా ఇంట్లో కూడా ఇదే మాట పాపా. మా పెద్దోళ్లు ఈ ఊర్లో అంగడి పెట్టి ఎన్ని తరాలయిందో మాకే తెలీదు" అన్నాడాయన. ఆమె వైపు చూడకుండా కలం మూత తీశాడు. "ఊరమిరపకాయ సంగతి కూడా విన్నా. అది పోనీ. ఈ గదిలో ఇంక అబద్ధం ఏ భాషలోనూ వద్దు."

తమిళంలో అందరినీ 'మీరు' అన్న మనిషి, తెలుగులోకి వచ్చేసరికి 'నువ్వు' అన్నాడు. ఆ తేడా మామకు కొత్త కాదు; వెంటనే కూర్చున్నాడు.

"పాప తప్పు ఏమీ లేదు సామీ. నేనే చేసినా. రాసిస్తా. నాకి చేవ్రాలు వరకే వస్తుంది, పాప రాస్తుంది."

అశోక్‌కుమార్ తెల్లకాగితం ముత్తులక్ష్మి ముందుకు తోశాడు. "ఇంగ్లీషులో."

మామ చెబుతుంటే ఆమె రాసింది.

"నేను కరుప్పయ్య. తిరుప్పూరులో ఇస్త్రీ పని. ఆదివారమైతే కోయంబత్తూరు ఉక్కడంలో పాత సామాను కడకు వస్తా, అదే అంగడికి. ఆడ మూటల్లో ఏరుకోవచ్చు." ఆగి, ఆమె కలం తనను అందుకునేదాకా చూశాడు. "తెర ఒక దాంట్లోది. మూల పగలనిది దొరికేదానికి నాలుగు ఆదివారాలు అయ్యె. బోర్డు ఇంకొక దాంట్లోది. కడ ఓనరు చూపిచ్చినాడు, నేనే బిగిచ్చినా. మూడుసార్లు కాలిన వాసన వచ్చె. నాలుగోసారి వెలిగింది. ఆ రోజు కడలో ఉండేవాళ్లందరికీ టీ తాపిస్తిని." తల వంచుకున్నాడు. "అది రాయొద్దులే కన్ను."

అప్పటికే రాసేసింది. కొట్టేయలేదు.

"కీబోర్డులో ఒక అక్షరం అరిగి ఉండె. దానికి జోడీ దొరకలేదు. పాప చూసి ఉంటుంది. ఏమీ అడగలేదు." గొంతు సవరించుకున్నాడు. "మూత మాత్రం ఇస్త్రీ గుడ్డతో ఒక వారం తుడిచినా. కొత్త దానిమాదిరి చేసినా."

ముత్తులక్ష్మి రాస్తూనే ఉంది. ఇంగ్లీషులో అది రెండు చిన్న వాక్యాలైంది. వాటి చివర కలం చాలాసేపు ఆగింది.

"కార్డు సంగతి" అన్నాడు అశోక్‌కుమార్.

"అది వేలం మూటలో దొరికింది సామీ. చిన్న ముక్కలన్నీ ఒకే మూటలో కట్టి వస్తాయి. ఆ మూట నోటికి తగరం బిళ్లతో సీలు ఉండె. బిళ్ల మీద ఒక బొమ్మ. పొద్దున మీ గేటు పైన చూస్తిని. అదే బొమ్మ."

అశోక్‌కుమార్ కలం ఆగింది. లేచి, బీరువా తెరిచి, కింది అరలోంచి దారం కట్టిన ఫైలు తీశాడు. దారం ముడి రాక పళ్లతో లాగాడు. నాలుగేళ్ల కిందటి కాగితం ఒకటి దొరికింది. పనికిరాని సామాను, పదకొండు మూటలు, వేలం. అడుగున సంతకం. అది ఆయన సంతకమేనని బల్లకు ఇవతల నిలబడిన ఇళంగోకు తలకిందులుగా కూడా తెలిసింది.

"విప్పి నంబర్లు చూడకుండా మూటలు కట్టేశాం" అన్నాడు అశోక్‌కుమార్, తమిళంలో, ఇళంగోతో. "మనమే పంపేసి, పోయాయని రాసుకున్నాం."

పోయినవాటి జాబితా తీసి, స్కేలు పెట్టి, ఏడో వరుస మీద గీత కొట్టాడు. గీత నిటారుగా వచ్చింది. క్షమించమని అనలేదు. పక్కన పొట్టి సంతకం చేశాడు.

మామ చేవ్రాలు పెట్టి, వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. ఇళంగో పదకొండు మరలూ బిగించాడు. ఒంటిగంట ఇరవై. ఇంక మిగిలింది కొత్తగా పేరు ఎక్కించే ఫారం. ముత్తులక్ష్మి పేరు, రోల్ నంబరు, విభాగం రాసింది. చివర మూడు గడులు: కొత్తది. వాడినది. విడిభాగాలతో కూర్చినది.

ఆమె మొదటి గడిలో టిక్కు పెట్టి ఫారం ఇచ్చింది.

అశోక్‌కుమార్ చూశాడు. "తప్పు గడిలో కొట్టినావు పాపా."

"లేదు సార్. సరిగ్గానే కొట్టినా."

"ఇందాక నీ చేత్తోనే గదా రాసినావు, ఏ ముక్క యాడిదో?"

"రాసినా సార్." ఆమె ఫారం వెనక్కి తీసుకోలేదు. "ముక్కలు పాతవే. నాకు పెట్టిన డబ్బా కొత్తది. మా మామ చేయకముందు ఇట్లాంటిది యాడా లేదు."

బయట వరండాలో గుడ్డసంచి చేయి మార్చుకుంటున్న మనిషి నీడ కిటికీ అద్దం మీద కదిలింది. అశోక్‌కుమార్ ఆ నీడను చూశాడు, ఫారాన్ని చూశాడు. రెండు రోజులు ఆమె అబద్ధాన్ని తెలిసీ చేతిలో పట్టుకుని కూర్చున్న మనిషి. కలం అక్కడే గాలిలో ఉంది. దించి సంతకం పెట్టాడు.

"పరీక్షకు టైమైంది. వెళ్లండి" అన్నాడు. తమిళంలో.

*

గేటుదాకా వెళ్లడానికి వ్యవధి లేదు. వరండా మెట్ల దగ్గరే మామ సంచి ఇచ్చాడు. లోపల మురుకులు, రెండు దానిమ్మపండ్లు.

"మీ అమ్మకి చెప్పొద్దు కన్ను. సీరుతట్టలో ఏమి పెట్టినానో."

"చెప్పను మామా. తిని పో."

"రెండో షిఫ్టు ఉండాది. బస్సు పట్టాల." నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు: "నిదానంగా రాయి."

ఒంటిగంట యాభయ్యారుకు ముత్తులక్ష్మి ఆఖరి బెంచీలో యంత్రం తెరిచింది. రోల్ నంబరు. పాస్‌వర్డ్. చక్రం తిరిగింది, తిరిగింది. మూడు వంపులు వెలిగాయి. అటూ ఇటూ చూసింది. చెప్పుకోవడానికి ఎవరూ తలెత్తి లేరు. రెండు గంటలకు మొదటి ప్రశ్న వచ్చింది. రాసింది.

నాలుగున్నరకు బయటికి వచ్చేసరికి అశోక్‌కుమార్ హెల్మెట్ పట్టుకుని కంప్యూటర్ సెంటర్ మెట్లు దిగుతున్నాడు. ఆమె ఎదురుగా వెళ్లి నిలబడింది.

"చాలా ఉపకారం సార్" అంది తెలుగులో.

ఆయన పక్కనే దిగుతున్న ఇద్దరు ఉద్యోగుల వైపు ఒకసారి చూశాడు. "కనెక్షన్ పని చేస్తోంది కదా? ఏదైనా ఇబ్బందైతే కిటికీ దగ్గర కంప్లైంట్ రాయండి" అన్నాడు తమిళంలో. 'మీరు' అనే అన్నాడు. బండి తీసి వెళ్లిపోయాడు.

ఫోన్ మోగింది. మామ. వెనక బస్సు హారను.

"రాస్తివా కన్ను?"

"రాస్తిని. అన్నీ రాస్తిని."

"ట్రాఫిక్‌లో మాట్టుకున్నా. షిఫ్టు పోయింది, పోనీ." గొంతు తగ్గించాడు. "ఆ ఆఫీసు కాగితంలో... పాతదనే పడి ఉంటుంది, అవునా?"

మెట్ల మీద జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. వాళ్లలో ఎవరి ఇంట్లో ఏ భాషో ఎవరికి తెలుసు? బుధవారందాకా ఆమె ఆ ఆలోచనే లేకుండా మాట్లాడింది. ఇప్పుడు అందరి ముఖాలూ ఒకసారి చూసింది. గొంతు తగ్గించలేదు.

"కొత్తదని రాసినా మామా. ఆఫీసరు సంతకం పెట్టినాడు."

మెట్ల మీద ఒక్కరూ తల తిప్పలేదు.

అవతల కండక్టరు ఎవరితోనో చిల్లర గురించి పోట్లాడుతున్నాడు. బస్సు కదిలింది, మళ్లీ ఆగింది.

"సరి కన్ను" అన్నాడు మామ. "ఫోన్‌లో చార్జి లేదు. పెట్టేస్తుండా."

పెట్టలేదు. ఆమె కూడా పెట్టలేదు. మెట్ల పక్కన గోడకు ఆనుకుని, సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, ఆ బస్సు చప్పుడు ఆగిపోయేదాకా వింటూ నిలబడింది.